పోర్టు రేవు కాదు, చిలుము తుప్పు కాదు

సందేహం: కార్యాలయంలో మానిటర్లు పెట్టే సిబ్బంది కోసం తెలుగులో సూచనలు రాయించాం. ‘డిస్‌ప్లేపోర్ట్–హెచ్‌డీఎంఐ మార్పిడి తీగను కంప్యూటర్ రేవుకు తగిలించండి. పిన్నులకు తుప్పు పడితే శుభ్రం చేయండి’ అని వచ్చింది. ఈ వాక్యాలు సరైనవేనా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

సమాధానం: వ్యాకరణం మాటెలా ఉన్నా, ఐదు మాటలు దారి తప్పాయి.

ముందు ‘రేవు’. 1933 నుంచి ఓడరేవు ఉన్న ఊళ్లో పోర్టు అనగానే రేవు తోచడం సహజమే. లాటిన్‌లో ‘పోర్టుస్’ అంటే రేవు, ‘పోర్టా’ అంటే వాకిలి. రెండూ దాయాదులే అయినా కంప్యూటర్ పోర్టు రెండో ఇంటిది. అలాగని ‘ద్వారం’ అనీ రాయకండి. మీ ఊరి డాబాగార్డెన్స్ కంప్యూటర్ దుకాణాల్లో అందరూ పోర్టు అనే అంటారు. అదే ఉంచండి.

‘తీగ’ ఒంటిది. కేబుల్ తీగల కట్ట. కంప్యూటర్ నుంచి మానిటర్‌కు బొమ్మ పంపే ప్లగ్గులు పలు రకాలు. వాటిలో పాతదైన వీజీఏలో 15 పిన్నులకు చోటుంటుంది, హెచ్‌డీఎంఐలో 19, డిస్‌ప్లేపోర్ట్‌లో 20. వీజీఏ కేబుల్ లోపల ఎరుపు రంగును మోసే తీగ ఒక్కటి తెగితే తెరమీద తెలుపంతా నీలం కలిసిన ఆకుపచ్చగా కనిపిస్తుంది. తెగింది తీగ, మార్చాల్సింది కేబుల్. ఈ ముక్క చెప్పడానికైనా రెండు మాటలూ విడివిడిగా ఉండాలి.

అసలు చిక్కు ‘మార్పిడి’తోనే. డీపీ++ గుర్తున్న డిస్‌ప్లేపోర్ట్ అవసరమైనప్పుడు తానే హెచ్‌డీఎంఐ తరహా సంకేతం పంపుతుంది. మధ్యలోని ముక్క వోల్టేజీని సరిపెడుతుందంతే. అది అడాప్టర్. కంప్యూటర్‌కు హెచ్‌డీఎంఐ, మానిటర్‌కు డిస్‌ప్లేపోర్ట్ ఉంటే సంకేతాన్నే మార్చాలి. దానికి చిప్పు ఉన్న కన్వర్టర్ కావాలి, దానికి కరెంటు కోసం చాలావాటికి వేరే యూఎస్‌బీ ప్లగ్గు వేలాడుతుంటుంది. రెండింటినీ ‘మార్పిడి’ అనేస్తే మామూలు కేబుల్ కొని తిరగేసి పెడతారు, తెర ‘నో సిగ్నల్’ అంటుంది. మీ వాక్యంలోని అడ్డగీత ఎటు నుంచి ఎటో చెప్పదు. తెలుగుకు ‘నుంచి’, ‘కి’ ఉన్నాయి కదా, అడ్డగీత దేనికి?

‘తగిలించడం’ చొక్కాను మేకుకు. వీజీఏకి, మరో పాత రకమైన డీవీఐకి రెండు పక్కలా మరలుంటాయి కాబట్టి ‘బిగించండి’. హెచ్‌డీఎంఐకి ‘పెట్టండి’ చాలు. డిస్‌ప్లేపోర్ట్ ప్లగ్గుల్లో చాలావాటికి కొక్కేలుంటాయి. ‘టక్కుమనేదాకా నొక్కండి’ అనాలి. తీసేటప్పుడు పైనున్న మీట నొక్కిపట్టి లాగాలని కూడా రాయండి. ఊరికే లాగితే పోర్టే దెబ్బతినొచ్చు.

ఇక తుప్పు. అది ఇనుముకు పట్టేది. పిన్నులు రాగి మిశ్రమం, పైన నికెల్, దానిమీద పలుచని బంగారు పూత. సముద్రపు ఉప్పుగాలికి పూత లేచినచోట పచ్చగా తేలేది చిలుము. కొందరు కిలుము అంటారు. ఇత్తడి చెంబుకు పట్టేదీ అదే. అయితే చెంబులా చింతపండు పెట్టి తోమేది కాదు. బ్లేడుతో గీకితే మిగిలిన పూతా పోతుంది. మురికి మాత్రమే ఉంటే రెండు వైపులా కరెంటు తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తని బ్రష్షు తడిపి తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టాలి. పచ్చదనం కనిపిస్తే ఆ కేబుల్ తీసేసి కొత్తది వేయడమే.

ఇలా తిరగరాయండి: ‘డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుల్ తీసుకోండి. డిస్‌ప్లేపోర్ట్ కొసను కంప్యూటర్ పోర్టులో టక్కుమనేదాకా నొక్కండి. రెండో కొసను మానిటర్‌కు పెట్టండి. పిన్నులకు చిలుము పడితే కేబుల్ మార్చండి.’