మిర్చి ఎగుమతి చేస్తానన్న బిడ్డకు

బిడ్డా,

ఉద్యోగం మానేసి మిర్చి ఎగుమతిలోకి దిగుతున్నావని మీ బాపు ఫోన్‌లో చెప్పాడు. వరంగల్ ఎనుమాముల మిర్చి యార్డులో, ధర తేల్చే జెండా పాటకు ఎదురు నిలిచే ఆడపిల్ల మన ఇంట్లో పుట్టిందని వాడకట్టంతా చెప్పుకున్నా. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఎగుమతికి కావాల్సిన కోడ్ నంబరు, అదే ఐఈసీ, తీసుకో. స్పైసెస్ బోర్డులో రిజిస్టర్ చేయించుకో. తేమ, అఫ్లాటాక్సిన్ (బూజు విషం) పరీక్షలు చేయించు. తాలు కలపనీయకు. ఇవి నీకు తెలిసినవే.

నా టెన్షన్ వేరే. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో మన దేశానికి ఒప్పందం ఉంది కదా, సుంకం తగ్గుతుందని ఆ లెక్కతోనే ధర చెప్పేస్తావేమో! సంతకాలు పడగానే సరుకు కదలదు. దక్షిణాసియా దేశాల వ్యాపార ఒప్పందం సాఫ్టానే చూడు, 2006 నుంచి అమల్లో ఉంది. అయినా దక్షిణాసియా దేశాలు తమలో తాము చేసుకునే వ్యాపారం వాటి మొత్తంలో 5 శాతం దగ్గరే తచ్చాడుతోంది. రాయితీ వర్తించని సరుకుల జాబితాలు, సరిహద్దులో లారీల పడిగాపులు, దేశాల తగాదాలు... కాగితం మీది రాయితీని ఇవే మింగేస్తాయి. 2010లో మొదలైన ఆసియాన్ ఒప్పందంతో వ్యాపారం పెరిగింది, నిజమే. కానీ మనం పంపేదానికన్నా అటు నుంచి వచ్చేదే ఎక్కువ.

ఆ తర్వాత కొన్నేళ్లకు మా పక్క దుకాణం సేటు అటువైపు ఒక పార్టీకి ఎండుమిర్చి ఒప్పుకున్నాడు. రాయితీ వస్తుందనే ధర తెంపారు. సరుకు మన దేశానిదేనని చూపే ఫారం ఏఐలో సరుకు కోడ్ 090421 అని, అంటే పొడి చేయని కాయ అని రాయించాడు. చివర్లో ఆ పార్టీ కొంత పొడి కావాలంది. పొడి కోడ్ 090422. ఇన్వాయిస్ మార్చారు, ఫారం మార్చలేదు. ఒక్క అంకె! రేవులో కస్టమ్స్ రాయితీ ఇవ్వనంది. పూర్తి సుంకం పడింది, కంటైనర్ రేవులో ఆగినందుకు డెమరేజ్ రుసుం ఎక్కింది, ఆ పార్టీ ఇదంతా బిల్లులో కోసుకుంది. ఇక్కడ రైతులు పైసల కోసం గుమ్మంలో కూర్చున్నారు. పాపం, రెండెకరాలు అమ్మి అందరికీ కట్టాడు. మళ్లీ ఓడ సరుకు జోలికి పోలేదు.

అందుకే రాయితీ రాదనుకునే ధర కట్టు. వస్తే నీ లాభం. ఏ దేశానికి పంపినా ముందు అక్కడ రాయితీ ఇచ్చే జాబితాలో మన సరుకు ఉందో లేదో చూడు. బయటి దేశం మిర్చి ఒక్క బస్తా కూడా కలపకు, సరుకు ఏ దేశానిదని అడిగితే ఇరుక్కుంటావు.

అప్పు కోసం ఇంటి కాగితాలు మాత్రం ముట్టకు, తిడతా! తక్కువపడితే నన్ను అడుగు. మొదటి ఫారం పంపే ముందు వాట్సాప్‌లో పెట్టు, కోడ్ నేనూ చూస్తా. అర్ధరాత్రయినా సరే.

నీ పెద్దబాపు