నలుగురిలో నోరెందుకు పెగలదు?

ప్రశ్న: మాది మెట్‌పల్లి దగ్గరి ఊరు. పోయిన నెల గ్రామాభివృద్ధి కమిటీ సమావేశంలో ఊరి మొదట కమాను కట్టాలని, ఇంటికి రెండు వేలు వసూలు చేయాలని తీర్మానించారు. బడి ప్రహరీ కూలిపోయి ఉండగా కమాను ఎందుకని నాకు అనిపించింది, కాని అనలేకపోయాను. బయటికి వచ్చాక చాయ్ హోటల్ దగ్గర నలుగురైదుగురు ‘మాకూ ఇష్టం లేదు’ అన్నారు. చదువుకున్నవాళ్లం కూడా ఇలా నోరు మూసుకోవడం పిరికితనమేనా?
– ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా

జవాబు: పిరికితనమని నేను అనను. కమిటీ మాట కాదన్న కుటుంబానికి జరిమానా వేయడం, కిరాణా దుకాణంలో సరుకులు ఇవ్వొద్దని, ఆ ఇంటి పొలానికి కూలికి పోవద్దని కట్టడి చేయడం మీ జిల్లాలోనూ, పక్కనున్న నిజామాబాద్, నిర్మల్ జిల్లాల్లోనూ జరుగుతున్నట్టు పత్రికల్లో తరచూ చూస్తూనే ఉన్నాం. అటువంటి బహిష్కరణ చట్టవిరుద్ధమే. అయినా నాట్ల వేళ కూలీలు రాకపోతే కేసు తేలేదాకా నారు ఆగదు కదా!

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపింది హోటల్ దగ్గరి మాట. అయిదారుగురికి ఒకే అభిప్రాయం ఉండి, ప్రతి ఒక్కరూ తానొక్కడినే అనుకున్నారు. ఈ సంగతిని జర్మనీకి చెందిన ప్రజాభిప్రాయ పరిశోధకురాలు ఎలిజబెత్ నోయెల్-నాయ్‌మన్ 1974లో ఒక సిద్ధాంతంగా ప్రతిపాదించారు. ఆమె చెప్పినదాని ప్రకారం మనిషి వెలి పడతానేమోనన్న భయంతో చుట్టూ గాలి ఎటు వీస్తున్నదో ఎప్పుడూ కనిపెడుతూ ఉంటాడు. తన పక్షం తగ్గుతున్నదనిపిస్తే గొంతు తగ్గిస్తాడు. ఆ మౌనాన్ని చూసి అదే పక్షంలోని మరొకరు ఇంకా వెనక్కి తగ్గుతారు. మీ సమావేశంలో మొదట మాట్లాడిన ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు కమానే కావాలని ఉంటారు. తక్కిన పని మౌనమే చేసింది.

భయానికి కారణమే లేనిచోట కూడా ఇది జరుగుతుంది. 1950ల తొలినాళ్లలో అమెరికాలో సాల్మన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరు యువకులను ఒక గదిలో కూర్చోబెట్టి, ఒక కార్డు మీది గీతకు సమానమైన గీత రెండో కార్డు మీది మూడింటిలో ఏదో చెప్పమన్నారు. తేడా కంటికి స్పష్టంగా కనిపిస్తున్నదే. కాని ఒక్కరు తప్ప అందరూ ముందే మాట్లాడుకున్నవాళ్లు. కావాలనే అందరూ ఒకే తప్పు చెప్పేవారు. ఆ ఒక్కరు ఇచ్చిన జవాబుల్లో ఇంచుమించు మూడోవంతు ఆ తప్పుకే తలూపాయి. అక్కడ జరిమానా లేదు, బంధుత్వం లేదు, అప్పులిచ్చిన ఆసామి ఎదురుగా కూర్చుని లేడు! మీ ఊళ్లో ఇవన్నీ ఉన్నాయి.

మీకు పనికొచ్చే భాగం ఆ ప్రయోగం తరువాతి మెట్టు. గుంపులో ఒకే ఒక్కడు నిజం చెప్పే తోడు దొరికితే ఆ లొంగుబాటు బాగా పడిపోయింది. జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాయమన్నప్పుడు కూడా తగ్గింది. అంటే లోపం మీ ధైర్యంలో కన్నా చేతులెత్తించే ఆ పద్ధతిలోనే ఎక్కువగా ఉంది. సర్పంచును రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకునే ఊరు, ఇంటింటి నుంచి డబ్బు వసూలు చేసే విషయాన్ని మాత్రం అందరి ముందు చేతులెత్తించి తేల్చడం నాకు వింతగానే తోస్తుంది.

కాబట్టి వసూలు మొదలుకాకముందే హోటల్ దగ్గర మాట్లాడినవాళ్లలో కనీసం ఇద్దరి ఇళ్లకు వెళ్లండి. కమానుకు ఎదురు చెప్పినట్టు కాకుండా, ‘ముందు బడి గోడ, తరువాత కమాను’ అన్న ప్రతిపాదనగా ముగ్గురూ కలిసి కమిటీ పెద్దలకు ముందుగానే చెప్పండి. నలుగురిలో మాట పడితే తగ్గలేని మనిషి, ఇంట్లో కూర్చోబెట్టి చెబితే వింటాడు. మళ్లీ సమావేశం పెడితే ఇంటికొక చీటీ వేయించమని అడగండి. ఊరు నిజంగానే కమాను కోరుకుంటూ ఉండవచ్చు, హోటల్ దగ్గరి అయిదుగురే ఊరని అనుకోకండి. అలా ఓడిపోతే డబ్బు కట్టాలో వద్దో మీ ఇష్టం; బడి గోడకు ఎన్ని చీటీలు పడ్డాయో మాత్రం తీర్మానాల పుస్తకంలో రాయించండి.