ఆప్షన్ అంటే ఎంపిక ఒక్కటేనా?

ఒక్కటే కాదు. మన ముందున్న వాటిలో ప్రతిదీ ఒక ఆప్షనే. వాటిలోంచి ఒకటి తేల్చుకోవడం మాత్రం చాయిస్. పరీక్షలో ఒక ప్రశ్నకు ఇచ్చే నాలుగు జవాబులు ఆప్షన్లు, మీరు టిక్ పెట్టింది మీ చాయిస్. మాటల్లో చాలామంది రెండూ కలిపేస్తారు, ఫర్వాలేదు గానీ రాసేటప్పుడు ఈ తేడా పాటిస్తేనే బాగుంటుంది.

ఎంచుకునే స్వేచ్ఛను కూడా ఆప్షన్ అనే అంటారు. 'ఐ హ్యాడ్ నో ఆప్షన్ బట్ టు వెయిట్' అంటే ఆగడం తప్ప గత్యంతరం లేకపోయింది అని. ఇక్కడ బట్ తర్వాత 'టు' తప్పనిసరి, 'వెయిటింగ్' అనకూడదు.

అసలు తికమక షేర్ మార్కెట్‌తోనే. అక్కడ ఆప్షన్ ఒక ఒప్పందం. ముందే అనుకున్న ధరకు షేర్ల లాంటివాటిని గడువులోగా గానీ, గడువు రోజున గానీ కొనే హక్కునిచ్చేది కాల్, అమ్మే హక్కునిచ్చేది పుట్. ఆప్షన్ కొన్నవాడికి హక్కే తప్ప బాధ్యత లేదు. లాభం లేదనుకుంటే వదిలేయొచ్చు, పోయేది ఆ హక్కు కోసం కట్టిన సొమ్మే, దాన్నే ప్రీమియం అంటారు. అమ్మినవాడికి ఆ వెసులుబాటు ఉండదు, అవతలివాడు అడిగితే మాట నిలబెట్టుకోవాల్సిందే. నవలను సినిమాగా తీసే హక్కును నిర్మాత కొంతకాలం అట్టిపెట్టుకోవడాన్నీ ఇదే అర్థంలో ఆప్షన్ అంటారు.

ఆప్షనల్ అంటే ఐచ్ఛికం.