అబ్బాయిని కబడ్డీ మాన్పించాలా?

తొమ్మిదో తరగతి చదివే మీ అబ్బాయిని కబడ్డీ జట్టులోకి తీసుకున్నారని, పోటీల పేరుతో క్లాసులు పోతున్నాయని, చదువుకన్నా ఆటలకే ఎక్కువ విలువ ఇచ్చే ఈ స్కూల్లో ఆట మాన్పించాలా అని అడిగారు. టెక్సాస్‌లో ఉన్న మీ బావమరిది మాత్రం, అక్కడ ఆటలతోనే కాలేజీ సీట్లు వస్తాయి, ఆడనివ్వమంటున్నారని రాశారు. నేను చిత్తూరు జిల్లా జడ్పీ హైస్కూళ్ళలో వ్యాయామోపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాను, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. మాన్పించవద్దనే చెబుతాను. అలాగని మీ కోపంలో తప్పేమీ లేదు.

ఒకసారి గేమ్స్ పీరియడ్‌లో వెళ్ళి చూడండి. జట్టు పిల్లలు పన్నెండు మంది కోర్టులో ఉంటారు. మిగతావాళ్ళు చెట్టు కింద కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు, లేదంటే ఆ పీరియడ్‌ను లెక్కల మాస్టారు అడిగి తీసేసుకుని ఉంటారు. పదో తరగతికైతే దసరా దాటాక గేమ్స్ పీరియడ్ టైంటేబుల్ కాగితం మీదే మిగులుతుంది. పన్నెండు మందికి పాఠం అందదు, వందల మందికి బంతి అందదు. దీన్ని ఆటలకు ప్రాధాన్యం అనడానికి నాకు మనసొప్పదు. తిరుపతి వీధుల్లో ర్యాంకుల ఫ్లెక్సీలు చూస్తూనే ఉంటారు కదా, కప్పులు చూపించుకోవడమూ అదే వ్యాపారం.

కప్పు పిచ్చి ఎంతదూరం వెళుతుందో చెబుతాను. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు అండర్ 14, 17, 19 విభాగాల్లో జరుగుతాయి. కబడ్డీలో బరువు పరిమితి ఉంటుంది. తూకానికి ముందురోజు రాత్రి అన్నం మానేసి, తెల్లవారుజామున స్వెట్టరు వేసుకుని గ్రౌండు చుట్టూ పరుగెత్తి, పెదవులు పగిలిపోయి వరుసలో నిలబడ్డ పిల్లలను చూశాను. అర కిలో తగ్గాలని పదేపదే ఉమ్మేసేవారు. తూకం కాగానే అరటిపండ్లు మింగి, గంటలో కోర్టులోకి. వాళ్ళను అలా పస్తు పెట్టింది చదువుకున్న పెద్దలే. మీవాడు తూకం కోసం తిండి మానేస్తున్నాడేమో ముందు కనుక్కోండి. అదే జరుగుతుంటే ఆ జట్టులో ఒక్కరోజు కూడా ఉంచకండి.

రెండోది, పోయిన పాఠం సంగతి. పోటీలకు వెళ్ళినవాడికి హాజరు వేస్తారు, పాఠం ఎవరు చెబుతారో మాత్రం ఎవరికీ తెలియదు. మా స్కూల్లో ఒక సైన్స్ మేడం, పిల్లలు టోర్నమెంటు నుంచి తిరిగొచ్చాక సాయంత్రం ప్రాక్టీసుకు ముందు కాసేపు కూర్చోబెట్టేవారు. మొత్తం పాఠం చెప్పేవారు కాదు. గుండె పటం గీయించి, గదులూ నాళాలూ గుర్తింపజేసి, రెండు ప్రశ్నలడిగి వదిలేవారు. నేను విజిల్ పట్టుకుని వరండాలో నిలబడేవాణ్ని, కాస్త చిరాగ్గానే. కానీ ఆ పిల్లలు సైన్స్‌లో ఎన్నడూ తప్పలేదు.

ఇక మీ బావమరిది మాట. టెక్సాస్‌లో ఆటల పిచ్చి నిజమే. అలెన్ అనే ఊళ్ళో హైస్కూల్ పిల్లల అమెరికన్ ఫుట్‌బాల్ కోసం సుమారు 6 కోట్ల డాలర్లతో 18,000 సీట్ల స్టేడియం కట్టి 2012లో తెరిచారు. కాంక్రీటు పగుళ్ళిచ్చి రెండేళ్ళలోనే మూసి మరమ్మతు చేయాల్సి వచ్చింది. అయితే అదే రాష్ట్రంలో 1984 నుంచి ఒక చట్టం ఉంది: సబ్జెక్టులో నూటికి 70 మార్కుల కన్నా తక్కువ వస్తే పోటీల్లో ఆడనివ్వరు. ఆయన ఆ సంగతి చెప్పినట్టు లేదు. పైగా హైస్కూల్లో ఆడేవాళ్ళలో కాలేజీ క్రీడా స్కాలర్‌షిప్ దొరికేది 2 శాతం మందికేనని అక్కడి కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ లెక్క. మన రాష్ట్రంలో ఇంజినీరింగ్ సీట్లలో క్రీడా కోటా అర శాతం. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఆ కోటాను 2024 క్రీడా విధానంతో 2 నుంచి 3 శాతానికి పెంచారు, సంతోషమే. కానీ వాటిని నమ్ముకుని తొమ్మిదో తరగతిలోనే పుస్తకం పక్కన పెట్టకూడదు. ఒళ్ళు గట్టిపడాలని, ఓడినా మర్నాడు గ్రౌండుకు రావడం అలవడాలని ఆడనివ్వండి.

తూకం సంగతి, పాఠం సంగతి రెండూ హెడ్మాస్టరునే అడగండి, వ్యాయామ మాస్టారిని కూడా ఎదురుగా కూర్చోబెట్టి. ఒంటరిగా మాత్రం వెళ్ళకండి, జట్టులోని మరో ముగ్గురు నలుగురు పిల్లల తల్లిదండ్రులను వెంటబెట్టుకు వెళ్ళండి. మీరొక్కరే వెళితే మీవాణ్ని జట్టులోంచి తీసేసి, సమస్య తీరిపోయిందంటారు.