సి సర్టిఫికెట్ పరీక్ష తప్పాను, మళ్ళీ ఎలా సిద్ధమవ్వాలి?

ప్రశ్న: మేడమ్, నమస్కారం. మాది సాలూరు దగ్గర పల్లె. నాకు 21 ఏళ్ళు. డిగ్రీలో మూడేళ్ళూ ఎన్‌సీసీ ఆర్మీ వింగ్‌లో ఉన్నాను. బి సర్టిఫికెట్ ఉంది, క్యాంపులూ పూర్తి చేశాను. కానీ ఎన్‌సీసీలో అన్నిటికన్నా పైదైన సి సర్టిఫికెట్ పరీక్ష తప్పాను. మొత్తం మార్కులు సగం దాటాయి గానీ మ్యాప్ రీడింగ్ లాంటివుండే స్పెషలైజ్డ్ సబ్జెక్ట్ పేపర్‌లో 33 శాతం రాలేదన్నారు. మ్యాప్ ముందు కూర్చోగానే చేతులు ఆడలేదు. డ్రిల్‌లో స్క్వాడ్‌ను (వరుసలో నిలబడ్డ క్యాడెట్ల జట్టును) నడిపించమంటే గొంతు పెగల్లేదు. మళ్ళీ రాయడానికి యూనిట్ వాళ్ళు ఒప్పుకున్నారు. గైడ్ మొదటి పేజీ నుంచి చదువుతున్నాను, కానీ నాలుగు పేజీలు తిప్పేసరికి టెన్షన్ వచ్చేస్తోంది. నాన్న బీఈడీలో చేరమంటున్నారు. సి సర్టిఫికెట్ మంచి గ్రేడ్‌లో వస్తే రాత పరీక్ష లేకుండా ఆర్మీ ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చని మా సీనియర్లు అంటారు. నిజమేనా?

జవాబు: అమ్మా, ముందు ఆ గైడ్ మూసెయ్. మొదటి పేజీలో ఎన్‌సీసీ 1948లో పుట్టిందనీ, కుంజ్రూ కమిటీ సిఫార్సు చేసిందనీ ఉంటుంది. అవన్నీ నీకు వచ్చు. వచ్చినదాన్నే మళ్ళీ చదువుతుంటే రానిది అలాగే మిగిలిపోతుంది. టెన్షన్ కూడా అందుకే వస్తోంది. నీ ఉత్తరంలో నువ్వే చెప్పావు, మార్కులు పోయింది రెండు చోట్ల: మ్యాప్ దగ్గర, స్క్వాడ్ ముందు. రెండూ చేతులతో, గొంతుతో చేయాల్సిన పనులు. కుర్చీలో కూర్చుని చదివితే రావు.

నేను చాలా ఏళ్ళు ఆడపిల్లల కంపెనీకి ఏఎన్‌ఓగా, అంటే క్యాడెట్లను చూసుకునే టీచరుగా ఉన్నాను. గ్వాలియర్ ఓటీఏ (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ)లో శిక్షణ తీసుకుని వచ్చాక పిల్లల్ని ఈ పరీక్షకు పంపుతూనే వచ్చాను. తప్పిన పిల్లల్లో ఎక్కువమంది తెలివి తక్కువవాళ్ళు కాదు. క్లాసులో నోట్సు చక్కగా రాసుకున్నవాళ్ళే. మ్యాప్ చేతికిస్తే మాత్రం ముందు ఏం చేయాలో తోచదు. దానికి మందు చేతికి అలవాటు చేయడమే.

మ్యాప్ రీడింగ్‌తో మొదలుపెట్టు. మీ యూనిట్‌లో పీఐ స్టాఫ్‌ని (శిక్షణ ఇచ్చే ఆర్మీ వాళ్ళని) అడిగితే 1:50,000 స్కేలు మ్యాప్ షీటు చూపిస్తారు. ఆ స్కేలులో మ్యాప్ మీద రెండు సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. గ్రిడ్ గడి ఒక్కొక్కటి ఒక కిలోమీటరు. ఈస్టింగ్ (తూర్పు వైపు లెక్కించే అంకె) ముందు, నార్తింగ్ (ఉత్తరం వైపు లెక్కించేది) తర్వాత. ఈ వరుస తప్పితే తర్వాత చేసిందంతా తప్పే. గడి 4537 అనుకో. అందులో గుడి ఎడమ గీత నుంచి పదింట మూడో వంతు దూరంలో, కింది గీత నుంచి పదింట ఆరో వంతు పైన ఉంటే ఆరంకెల గ్రిడ్ రెఫరెన్స్ 453376. అంటే గుడి ఎక్కడుందో వంద మీటర్ల లోపు చెప్పేశావు. రోజూ ఒక పది చోట్లకు ఇలా అంకెలు రాయి. తర్వాత తిరగేసి, అంకెలు చూసి చోటు వెతుకు. చెల్లెలు చేత అంకెలు చదివించుకుంటే ఇంకా మంచిది. పరీక్షలో అడిగేది కూడా ఇలాగే, పక్కన నిలబడి.

బేరింగ్ అంటే ఉత్తరం నుంచి కుడి వైపుగా కొలిచే కోణం. దాని దగ్గర పిల్లలు ఎందుకు తడబడతారంటే మూడు ఉత్తరాలుంటాయి: ట్రూ నార్త్ (ఉత్తర ధ్రువం వైపు), గ్రిడ్ నార్త్ (మ్యాప్ నిలువు గీతల వైపు), మ్యాగ్నెటిక్ నార్త్ (కంపాస్ ముల్లు చూపే వైపు). కంపాస్ చూపేది మ్యాగ్నెటిక్ బేరింగ్. మ్యాప్ మీద గీయాలంటే దాన్ని గ్రిడ్ బేరింగ్‌గా మార్చాలి. ఆ తేడా ఎంతో మ్యాప్ షీటు మీదే ఉంటుంది. బ్యాక్ బేరింగ్, అంటే అటు నుంచి ఇటు తిరిగి చూసే బేరింగ్, లెక్క సులువు. 180 కంటే తక్కువైతే 180 కలుపు, ఎక్కువైతే తీసెయ్. 70 అయితే 250. 310 అయితే 130. ఇది కాగితం పెన్ను లేకుండా రావాలి.

ఇక రిసెక్షన్. ఎక్కడ నిలబడ్డావో మ్యాప్ మీద చూపించమంటారు. మీ సాలూరు వైపు దీనికి ఎంత అనువైన చోటో నీకు తెలియడం లేదు. చుట్టూ కొండలే. మీ కళ్లంలో నిలబడు. మ్యాప్‌లో గుర్తుపట్టగల ఒక కొండ శిఖరానికి, ఇంకో దిక్కున ఉన్న ఇంకో గుర్తుకు బేరింగులు తీసుకో. గ్రిడ్‌కు మార్చి, బ్యాక్ బేరింగ్ కట్టి, ఆ రెండు గుర్తుల నుంచి గీతలు గీయి. గీతలు కలిసిన చోటే నువ్వున్న చోటు. మూడో గుర్తు కూడా తీసుకుంటే ఎక్కడ తప్పు చేశావో పట్టిస్తుంది. గోధుమ రంగు కాంటూర్ గీతలు (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపేవి) దగ్గరదగ్గరగా ఉన్న చోట వాలు నిటారుగా ఉంటుందని పుస్తకంలో చదివే ఉంటావు. మీ ఊరి కొండకేసి చూసి, మ్యాప్‌కేసి చూడు. ఒక్కసారి అలా పోల్చి చూస్తే ఇక మరిచిపోవు. కంపాస్ యూనిట్‌లో తప్ప దొరకదు కాబట్టి పరేడ్ రోజు ఒక గంట ముందే వెళ్ళు. అడిగే పిల్లకు మన హవల్దార్లు ఎప్పుడూ నేర్పకుండా పంపలేదు.

అదే పేపర్‌లో ఫీల్డ్ క్రాఫ్ట్, బ్యాటిల్ క్రాఫ్ట్ (శత్రువు కంటపడకుండా కదలడం, పోరాడడం) ఉన్నాయి. వస్తువులు ఎందుకు కనబడతాయి అంటే ఆకారం, నీడ, సిల్హౌట్ (వెలుగు ముందు కనబడే నల్లటి రూపం), ఉపరితలం, ఎడం, కదలిక. ఇవి జాబితాగా వల్లెవేయకు. సాయంత్రం పొలం గట్టు మీద నడిచే మనిషి ఎందుకంత దూరం నుంచి కనబడుతున్నాడో నీలో నువ్వే జవాబు చెప్పుకో. సెక్షన్ ఫార్మేషన్లు (చిన్న దళం నడిచే వరుసలు) గింజలు పేర్చి చూసుకో: సింగిల్ ఫైల్, ఫైల్, యారో హెడ్, స్పియర్ హెడ్, డైమండ్, ఎక్స్‌టెండెడ్ లైన్. ఏది ఎలాంటి నేల మీద వాడతారో కూడా చెప్పగలగాలి. పేర్లు ఇంగ్లీషులోనే గుర్తుంచుకో. విషయం మాత్రం ముందు తెలుగులో, నీ మాటల్లో నీకు నువ్వే చెప్పుకో. అర్థమైందీ లేనిదీ అప్పుడే తెలుస్తుంది.

ఆయుధాల పేపర్ నీకు పోలేదు కాబట్టి రైఫిల్ ఖోల్నా-జోడ్నా ఒకటి రెండు సార్లు చేసి వదిలెయ్. విప్పిన వరుసకు సరిగ్గా ఉల్టా వరుసలో బిగించడం, అంతే. మిసిలేనియస్ సబ్జెక్టులు కూడా చివరి వారాల్లో ఒకసారి తిరగేస్తే చాలు.

డ్రిల్ మాత్రం అలా వదిలేది కాదు. గొంతు పెగల్లేదని రాశావు. ఇది చదివి నాకు బాధేసింది. ఎందుకంటే ఆడపిల్లని ఇంట్లో గట్టిగా అరవొద్దంటాం, గ్రౌండ్‌లోకి రాగానే అరవమంటాం. అది నీ లోపం కాదమ్మా, ఎవరూ అలవాటు చేయలేదు. వర్డ్ ఆఫ్ కమాండ్‌లో రెండు ముక్కలుంటాయి. 'దాహినే ముడ్' (కుడికి తిరుగు) చూడు. 'దాహినే' అన్నది హెచ్చరిక, సాగదీసి చెప్పాలి. కాస్త ఆగి 'ముడ్' అన్నది కొరడా దెబ్బలా పడాలి. ఆ మధ్య ఆగడంలోనే స్క్వాడ్ నీ మాట కోసం సిద్ధమవుతుంది. పొట్టలోంచి ఊపిరి తీసుకుని పలుకు. గొంతు నలిపి అరిస్తే పది నిమిషాలకే బొంగురుపోతుంది. తెల్లవారుజామున పొలం అవతలి గట్టు మీద చెల్లెల్ని నిలబెట్టి, ఆమెకు ప్రతి మాటా తెలిసేదాకా చెప్పు. 'ఖులీ లైన్ చల్' (వరుసల మధ్య ఎడం పెంచు), 'నికట్ లైన్ చల్' (దగ్గరకు రా), 'పీఛే ముడ్' (వెనక్కి తిరుగు), 'థమ్' (ఆగు). 'థమ్' ఏ అడుగు మీద పడాలో నడుస్తున్నవాళ్ళను చూస్తూ చెప్తేనే వస్తుంది. అందుకని వారానికోసారైనా కాలేజీకి వెళ్ళి జూనియర్లను నీ చేతికి ఇవ్వమని మీ ఏఎన్‌ఓని అడుగు. కొత్త పిల్లలు తప్పులు చేస్తారు, వాటిని నువ్వు దిద్దాలి. నేను చూసినంతలో ఒక క్యాడెట్‌కు డ్రిల్ నిజంగా వచ్చేది అప్పుడే.

తప్పినదాన్నై జూనియర్ల ముందు ఎలా నిలబడను అనుకుంటావేమో. నిలబడు. నువ్వు మూడేళ్ళు ఆ యూనిఫాం ఇస్త్రీ చేసుకుని వచ్చినదానివి.

ఇక ఇంటర్వ్యూ సంగతి. మీ సీనియర్లు చెప్పింది నిజమే. ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ అని ఉంది. దాంట్లో ఆఫీసర్ల ఎంపికకు పెట్టే సీడీఎస్ రాత పరీక్ష రాయక్కర్లేదు, షార్ట్‌లిస్ట్ అయినవాళ్ళు నేరుగా ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూకి వెళ్తారు. ఎంపికైతే చెన్నై ఓటీఏలో శిక్షణ. కానీ సి సర్టిఫికెట్ కనీసం బి గ్రేడ్‌లో ఉండాలి, డిగ్రీలో 50 శాతం ఉండాలి. వయసు 19 నుంచి 25 మధ్య, పెళ్ళి కాకుండా ఉండాలి. అమ్మాయిలకు సీట్లు చాలా తక్కువ. అందుకని 33 శాతం దాటితే చాలనుకుని చదవకు, గ్రేడ్ కోసం చదువు. పరీక్షకు ముందే బి సర్టిఫికెట్, క్యాంపు సర్టిఫికెట్లు, హాజరు వివరాలు ఒక ఫైల్లో పెట్టి యూనిట్‌లో చూపించు. చివరి రోజు కాగితం ఒకటి తక్కువై పరుగులు పెట్టిన పిల్లల్ని చూశాను.

మీ నాన్నగారు చెప్పింది కూడా కాదనకు. బీఈడీ రెండేళ్ళు. ఇప్పుడు చేరితే 23కి అయిపోతుంది, స్పెషల్ ఎంట్రీకి ఇంకా వయసుంటుంది. టీచరుగా ఉంటూ ఎన్‌సీసీ యూనిఫాం వేసుకోవడానికీ దారి ఉంది, నేను వేసుకున్నాను కదా. ఆయన దగ్గర కూర్చుని ఈ వయసు లెక్క కాగితం మీద రాసి చూపించు. అప్పటిదాకా పెళ్ళి వద్దన్న మాట కూడా అప్పుడే ఎత్తు. తర్వాత ఎత్తితే మాట పెరుగుతుంది.