ఆఫీస్‌కు, యాంటీవైరస్‌కు పెట్టే డబ్బు ర్యామ్‌ మీద పెట్టండి

ప్రశ్న: మా అమ్మాయికి బీటెక్ సీఎస్‌ఈలో సీటొచ్చింది. ల్యాప్‌టాప్‌కు 60 వేలు అనుకున్నాం. షాపులో 8 జీబీ ర్యామ్ ఉన్నది చూపించి, ఎంఎస్ ఆఫీస్‌కు, యాంటీవైరస్‌కు మరో 8 వేలు అవుతుందన్నారు. అంత పెట్టాలా? స్టూడెంట్లకు సాఫ్ట్‌వేర్ తక్కువకే వస్తుందంటారు, ఎలా? – ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: ఆ 8 వేలు సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వొద్దు. ఆ డబ్బు కలుపుకుని 16 జీబీ ర్యామ్ ఉన్న మోడల్‌కు వెళ్లండి. మొదటి ఏడాది సీ ప్రోగ్రాములకు 8 జీబీ చాలు. ఆ తర్వాత ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో వస్తుంది, కంప్యూటర్‌లోనే మరో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్ మెషీన్లు వస్తాయి. అవి తెరవగానే ర్యామ్ నిండిపోయి, విండోస్ ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీని ర్యామ్‌లా వాడుకోవడం మొదలుపెడుతుంది. క్లిక్ చేసి కూర్చోవాల్సిందే.

'8 జీబీ తీసుకోండి, తర్వాత పెంచుకోవచ్చు' అని షాపువాళ్లు అంటే ఆ మాట అక్కడే సరిచూసుకోండి. సన్నటి మోడళ్లు చాలావాటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చలేం. డెమో పీసులో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, మెమరీకి వెళ్లి 'ఫామ్ ఫ్యాక్టర్' ఎదురుగా ఏముందో చూడండి. 'సోడిమ్' అని ఉంటే స్లాటు ఉన్నట్టు. 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే అతికించినదే.

ప్రాసెసర్ పేరులో పెద్ద అంకె చూసి మోసపోవద్దు. రైజెన్ 5 7520యూ, 7530యూ పక్కపక్కన పెడితే ఒకటే అనిపిస్తాయి. మొదటిది పాత జెన్ 2 డిజైన్, 4 కోర్లు (పని చేసే భాగాలు). రెండోది జెన్ 3, 6 కోర్లు. ఈ 7000 వరుసలో తరం చెప్పేది మూడో అంకె. ఎస్‌ఎస్‌డీ 512 జీబీ ఉండాలి. సీఎస్‌ఈకి విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, మెషీన్ లెర్నింగ్ నేర్చుకోవడానికి బ్రౌజర్‌లోనే ప్రోగ్రాములు నడిపే గూగుల్ కొలాబ్ ఉచితంగా ఉంది. (సివిల్, మెకానికల్ పిల్లలైతే మ్యాక్‌బుక్ జోలికి వెళ్లొద్దు. వాళ్లు వాడే రెవిట్, సాలిడ్‌వర్క్స్ డిజైన్ సాఫ్ట్‌వేర్లు విండోస్ మీదే నడుస్తాయి.)

ఇక ఆఫీస్. చాలా ల్యాప్‌టాప్‌లకు అది కంపెనీవాళ్లే కలిపి ఇస్తున్నారు, ముందు మోడల్ వివరాల్లో చూసుకోండి. ఉంటే, మొదటిసారి ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో యాక్టివేట్ చేస్తారో లైసెన్స్ దానికే కట్టుబడిపోతుంది. సెటప్ చేసిపెడతామని షాపు కుర్రాడు తన ఐడీ కొట్టాడంటే మీ లైసెన్స్ అతనిది అయినట్టే. అమ్మాయి సొంత మెయిల్‌తో ఆమే చేసుకోవాలి. కాలేజీ మెయిల్ వద్దు, చదువయ్యాక అది మూసేస్తారు. కలిపి ఇవ్వకపోతే లిబ్రే ఆఫీస్ ఉచితం. యాంటీవైరస్‌కు విండోస్‌లో ఉన్న డిఫెండర్ చాలు, అప్‌డేట్లు ఆపకుండా ఉంటే.

కాలేజీ ఐడీ కార్డు చేతికొచ్చాక అసలు లాభం మొదలవుతుంది. ప్రోగ్రామర్ల టూల్స్ కలిపి ఇచ్చే గిట్‌హబ్ స్టూడెంట్ డెవలపర్ ప్యాక్ ఉచితం. ప్రోగ్రాములు రాసుకునే జెట్‌బ్రెయిన్స్ ఎడిటర్లు ఏడాదికి ఉచితం, చదువుతున్నంత కాలం ఏటా రెన్యూ చేసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సర్వీసు అజూర్ ఫర్ స్టూడెంట్స్‌లో క్రెడిట్ కార్డు అడక్కుండానే 100 డాలర్ల క్రెడిట్ ఇస్తారు. ఆటోడెస్క్ కూడా విద్యార్థులకు డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌ను ఏడాది లెక్కన ఉచితంగానే ఇస్తోంది.

ఈ స్టూడెంట్ ఆఫర్లకు పెట్టిన దరఖాస్తు తిరిగొచ్చిందంటే ఎక్కువగా పేరు దగ్గరే తేడా. మన ఐడీ కార్డుల మీద ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, అకౌంట్‌లో పూర్తిగా రాస్తారు. రెండూ ఒకేలా పెట్టండి. కార్డు మీద విద్యా సంవత్సరం లేకపోయినా తిప్పి పంపుతారు. అప్పుడు ఈ ఏడాది తేదీ ఉన్న బోనఫైడ్ సర్టిఫికెట్ గానీ ఫీజు రసీదు గానీ వెలుతురులో, అక్షరాలు చదవగలిగేలా ఫొటో తీసి పెట్టాలి. అడోబ్ లాంటివి రాయితీయే తప్ప ఉచితం కాదు. మొదటి ఏడాది ధర ఒకటి, రెన్యూవల్‌కు మరొకటి. అవసరం పడితే తప్ప తీసుకోవద్దు.

500 రూపాయల విండోస్ కీలు, సీనియర్ల పెన్‌డ్రైవ్‌లో తిరిగే క్రాక్‌లు (లైసెన్స్ లేకుండా సాఫ్ట్‌వేర్‌ను నడిపించే దొంగ ప్రోగ్రాములు) మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. అలాంటి కీలలో చాలావరకు సంస్థలకిచ్చిన లైసెన్సులు, ఎప్పుడైనా బ్లాక్ అవుతాయి. క్రాక్ వేసేటప్పుడు ముందుగా చేయించే పనే యాంటీవైరస్ ఆపడం. పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రాములకు అంతకంటే తెరిచిన తలుపు ఉండదు. ఆ ల్యాప్‌టాప్‌లోనే మీ ఇంటి బ్యాంకు లావాదేవీలూ జరుగుతాయి.

డబ్బు సర్దుబాటుకు రెండు మాటలు. 'నో కాస్ట్ ఈఎంఐ'లో వడ్డీని డిస్కౌంటుగా తగ్గించినా, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీరే కట్టాలి. విద్యా రుణానికి వెళ్తుంటే, కోర్సుకు అవసరమైన కంప్యూటర్ ఖర్చును కూడా అందులో చేర్చే వీలుంది. కొనకముందే షాపు కొటేషన్ తీసుకెళ్లి మేనేజర్‌ను అడగండి.

తొందర కూడా లేదు. మొదటి సెమిస్టర్ ప్రాక్టికల్స్ కాలేజీ ల్యాబ్‌లో చేసుకోవచ్చు, దసరా ఆఫర్ల దాకా ఆగవచ్చు. కొనే రోజు మాత్రం డబ్బా సీలు మీ ముందే తీయించండి. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించి, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న నంబరుతో సరిపోల్చండి. అదే నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. వారంటీ అప్పటికే కొన్ని నెలలు గడిచినట్టు చూపిస్తే మరో పీసు అడగండి.