ఉక్కపోత ఊరికి టూరెళ్తే అక్కడి లైట్ బీరే, అదీ ఐసేసుకుని

"థాయ్‌లాండ్, వియత్నాం, బాలి వైపు టూర్ వెళ్ళినప్పుడు అక్కడి లోకల్ బీర్లు తాగొచ్చా, లేకపోతే మనకి పేరు తెలిసిన ఫారిన్ బ్రాండే సేఫా?" అని ప్రశ్న. సేఫ్ ఏటండీ బాబూ, అదేమన్నా రోడ్డు పక్క కుళాయి నీళ్ళా. బీరు తయారీలోనే గంటసేపు మరిగిస్తారు, పైగా ఆల్కహాల్ ఉంటాది, మూత సీలేసి ఉంటాది. బీరు వల్ల కడుపు పాడైన టూరిస్టుని నేనైతే ఇంతవరకు చూళ్ళేదు, పాడైతే పక్కన లాగించిన పీతల వల్ల పాడై ఉంటాది, నింద మాత్రం బీరు మీద. నా ఆన్సర్ ఒకటే, వేడి ఊరికెళ్తే ఆ దేశంలో తయారైన లైట్ లాగరే, అంటే చల్లగా పులియబెట్టే పల్చటి బీరే తాగాలి, జనం కూర్చునే చోట కూర్చుని తాగాలి, వాళ్ళు ఐసేసుకుంటే మీరూ వేసుకోవాలి. ఎందుకో చెప్తాను, కొంచెం పెద్దదవుద్ది, టైమున్నోళ్ళే చదవండి.

మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. సముద్రం, ఉక్క, చెమట, చేపలు, వీటి గురించి నాకు ఎవరూ క్లాసు పీకక్కర్లేదు. అలాంటి నేను వియత్నాంలో డా నాంగ్ చూసి నోరెళ్ళబెట్టాను, అచ్చం మన ఊరే. పొడుగ్గా బీచ్ రోడ్డు, చివర సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ, మనకి డాల్ఫిన్స్ నోస్ అయితే వాళ్ళకి సోన్ ట్రా. మనకి కైలాసగిరి మీద శివపార్వతులు, వాళ్ళకి ఆ కొండ మీద 67 మీటర్ల తెల్లటి క్వాన్ ఆమ్ అనే బౌద్ధ దేవత విగ్రహం, రోడ్డు మీద ఎక్కణ్ణించి చూసినా కనబడుద్ది. పోర్టు కూడా ఉంది. ఉక్క కూడా సేమ్, స్నానం చేసి బయటికొస్తే తుడుచుకోడానికి ముందే చెమట.

అక్కా బావా, నేనూ మా ఆవిడా వెళ్ళాం. మా బావ గురించి ఒక్క ముక్క చెప్పాలి, మంచోడు, కానీ బీరంటే స్ట్రాంగే, అదీ ఫుల్ బాటిలే, లైట్ తాగేవాణ్ణి చూస్తే ఆయనకి జాలి. మొదటి సాయంత్రం బీచ్ ఎదురుగా ఒక స్టైలు బార్లో కూర్చోబెట్టాడు, దిండ్లు, గొడుగులు, ఇంగ్లీషు పాటలు. మెనూలో ఒక యూరప్ బీరు చూసి "అది ఒరిజినల్‌రా, అక్కణ్ణించే వస్తాది" అని ఆర్డరిచ్చాడు. ఆకుపచ్చ సీసా. కౌంటరు వెనకాల అద్దాల అరలో ఎండ పడేలా వరసగా పేర్చి ఉన్నాయి, షోకి. వెయిటరు వాటిల్లోంచే తీసి ఐస్ బకెట్లో పెట్టి తెచ్చాడు. మూత తియ్యగానే అదోరకం కంపు. బావ మాత్రం "ఫారిన్ బీరు ఇలాగే ఉంటాదిరా" అంటూ తాగుతున్నాడు, మొహం చూస్తే కషాయం తాగుతున్నోడి మొహం.

ఆ కంపు ఎందుకొస్తాదో చెప్తాను, చాలామందికి తెలీదు. బీరులో చేదు కోసం హాప్స్ అనే ఒకరకం పువ్వులు వేస్తారు కదా, ఆ హాప్స్‌లోంచి వచ్చిన పదార్థం మీద ఎండ పడితే గంధకం రకం కంపు పుడుద్ది. బ్రౌన్ సీసా ఆ వెలుగుని చాలావరకు ఆపుద్ది, ఆకుపచ్చది పెద్దగా ఆపదు, తెల్ల సీసా అసలు ఆపదు. టిన్నుకి ఆ బాధే లేదు. ఇది కాకుండా వేడి ఇంకోటి, బీరు వేడిలో ఉన్నకొద్దీ పాతబడుద్ది, తడిసిన అట్ట నవిలినట్టు ఒక రుచి వస్తాది. ఓడెక్కి, కంటైనర్లో ఉడికి, గోడౌన్లో పడుండి నెలల తర్వాత మీ టేబుల్ మీదకి వచ్చేదానికి మూడు రెట్లు డబ్బులిచ్చి దాన్నే సేఫ్ అంటారు మనోళ్ళు. కొన్ని ఫారిన్ పేర్లు అక్కడే లైసెన్సు మీద తయారవుతాయి, వాటి సంగతి వేరు, కానీ అలాగైతే మళ్ళీ లోకల్ బీరే తాగుతున్నట్టు కదా, పేరుకెందుకు డబ్బులు?

సరే, రెండో రోజు నేను పట్టుబట్టి వెనకవీధిలోకి తీసుకెళ్ళాను. బీచ్ రోడ్డు నించి రెండు సందులు లోపలికి. రేకుల షెడ్డు, పెద్ద పెద్ద స్టాండు ఫ్యాన్లు, ఎర్ర ప్లాస్టిక్ స్టూళ్ళు, ఎంత చిన్నవంటే కూర్చుంటే మోకాళ్ళు గెడ్డానికి తగుల్తాయి. బావ ఒక స్టూలు మీద ఇంకో స్టూలు పెట్టుకుని కూర్చున్నాడు, నవ్వులాట కాదు, నిజంగానే, అక్కడ లావుపాటోళ్ళు అలాగే కూర్చుంటున్నారు. కొట్టావిడ వచ్చి నేను అక్కడి లోకల్ బీరు పేరు "లారూ" అనగానే ఒక టిన్ను కాదు, రెండు టిన్నులు కాదు, ఒక కేసు మొత్తం తెచ్చి టేబుల్ పక్కన నేల మీద పెట్టేసి వెళ్ళిపోయింది.

"ఏరా, అడక్కుండా కేసు దింపేసింది, మొత్తానికి బిల్లేస్తాదేటి?"

"లేదు బావా, ఎన్ని తాగితే అన్నే, ఖాళీవి లెక్కేస్తారు."

"ఒకోటి ఎంతంట?"

"ఇరవై వేలు."

బావ లేచి నించున్నాడు. ఇరవై వేల డాంగ్ అంటే మన డబ్బుల్లో డెబ్భై రూపాయల లోపే అని అక్క చెప్పేదాకా కూర్చోలేదు. ఈలోగా ఒక కుర్రాడు బకెట్టు ఐసుతో వచ్చి పట్టకారుతో గ్లాసుల్లో వేసేశాడు, మధ్యలో బొక్క ఉండే గొట్టం ఐసు, ఫ్యాక్టరీలో చేసేది. బావకి ఇది ఇంకో షాకు. "బీర్లో ఐసేటిరా, పరువు తీస్తున్నావ్, మన జగదాంబ దగ్గర ఎవడన్నా చూస్తే?" జగదాంబ అక్కణ్ణించి సముద్రానికి అవతల ఉంది, అయినా ఆయన చుట్టూ చూశాడు. చూస్తే ఏముంది, ప్రతి టేబుల్ మీదా ఐసే.

ఆ బీరు ఎలాగుందంటే, పల్చగా, కొంచెం తీపి వాసన, చేదు ఉందా లేదా అన్నట్టు ఉంటాది. ఏసీ రూములో కూర్చుని తాగితే "ఇదేం బీరు" అంటాం, నిజమే. కానీ చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది, ముందర నిమ్మగడ్డి వేసి ఆవిరి మీద ఉడికించిన గుల్లలు గిన్నెడు, పక్కన చిన్న సాసర్లో ఉప్పూ మిరియాలపొడీ, దాని మీద నిమ్మకాయ పిండుకుని అందులో ముంచుకు తినాలి. నాలిక మండి గ్లాసెత్తితే చల్లగా గొంతులోకి దిగిపోద్ది. ఆ ఉప్పుకీ ఆ ఉక్కకీ ఆ బీరే సరి. బావ మొదటి గ్లాసుకి "నీళ్ళురా ఇవి" అన్నాడు, రెండో గ్లాసుకి ఏం మాటాడలేదు, గుల్లలు ఇంకో గిన్నె చెప్పాడు. కాసేపటికి కింద ఖాళీ టిన్నులు కాలితో జరుపుకుంటూ "కిక్కు లేదురా, కానీ ఆపాలని లేదు" అన్నాడు.

పక్క టేబుల్లో ఒక కుటుంబం, ముసలావిడ నించి మనవడి దాకా. ముసలావిడ కూడా గ్లాసు పట్టుకుని "మోత్, హాయ్, బా, యో" అని అందరితో పాటు అరుస్తోంది, ఒకటీ రెండూ మూడూ అని లెక్కెట్టి తాగడం వాళ్ళ పద్ధతి. మా అక్క కూడా అరగ్లాసు తాగింది. ఎవడూ తిరిగి చూళ్ళేదు. వైజాగ్‌లో మా అక్క ఒక బార్లో అడుగుపెట్టడం నేను ఊహించలేను, తాగడం సంగతి తర్వాత, అసలు ఆ చీకట్లో కూర్చోడం ఎలాగ?

ఇక్కడే నా అసలు బాధ. లాగర్ అనేది పుట్టుకతో చల్లటి దేశాల సరుకు, దాని ఈస్టు పది డిగ్రీల అటూ ఇటూ చల్లదనంలో నెమ్మదిగా పులియాలి, తర్వాత వారాల తరబడి ఇంకా చల్లగా నిలవుండాలి. 1870ల్లో జర్మనీలో లిండే అనే ఇంజనీరు బీరు ఫ్యాక్టరీల కోసమే కూలింగ్ మిషన్లు చేశాక గానీ అది వేడి దేశాల్లో కుదర్లేదు. ఆ తర్వాత చూడండి, మనీలాలో శాన్ మిగెల్ 1890, మేం తాగిన లారూ 1909, సింగపూర్ టైగర్ 1932, థాయ్‌లాండ్ సింఘా కంపెనీ 1933. అందరూ ఆ ఐరోపా బీరునే తీసుకుని కొన్నిచోట్ల బియ్యమో మొక్కజొన్నో కలిపి పల్చన చేసి ఎండకి సరిపడా దిద్దుకున్నారు. లావోస్ బీర్‌లావ్‌లో అక్కడి బియ్యమే వేస్తారు. ఇవన్నీ ఆల్కహాల్ అయిదు శాతం దగ్గర్లోనే. హనోయ్‌లో బియా హోయ్ అని రోజూ తాజాగా పీపాల్లో వస్తాది, అది మూడు శాతం అటూ ఇటూ. అంటే చెమట పట్టే దేశాలన్నీ పల్చన చేసుకుంటే మనం మాత్రం ఎనిమిది శాతం దాకా ఎక్కించుకున్నాం. ఎందుకయ్యా అంటే లైట్‌కీ స్ట్రాంగ్‌కీ రేటులో పెద్ద తేడా ఉండదు, రూపాయికి ఎంత కిక్కు అన్న లెక్క. మన దేశంలో అమ్ముడయ్యే బీర్లో ఎక్కువ భాగం స్ట్రాంగే. ముప్పై ఆరు డిగ్రీల ఎండలో ఆ చిక్కటి తియ్యటి మందు ఎలా తాగుతారో నాకు అర్థం కాదు, తలనొప్పి గ్యారంటీ.

పోనీ మనకి లోకల్ లేదా అంటే ఉంది. హైవే మీద శ్రీకాకుళం వైపు వెళ్తుంటే రణస్థలం మండలం బంటుపల్లిలో యునైటెడ్ బ్రూవరీస్ ఫ్యాక్టరీ ఉంది, వైజాగ్ నించి రెండు గంటల్లోపు. పక్కింట్లో వండినట్టే. తాజా లైట్ బీరు, ఫిషింగ్ హార్బర్ కోనం చేప, నిమ్మకాయ, సముద్రం గాలి, డా నాంగ్‌లో ఉన్నవన్నీ మనకీ ఉన్నాయి. లేనిదల్లా కూర్చునే చోటు. మన బార్లో ఏసీ, కర్టెన్లు, ఎర్ర బల్బు, సముద్రం గోడకి అవతల. వైన్ షాపుకెళ్తే "లైట్ పైంటు కూలింగ్ ఉందా" అంటే నేనేదో మందులషాపులో అడక్కూడనిది అడిగినట్టు చూస్తాడు, స్ట్రాంగ్ ఫుల్ బాటిల్ మాత్రం ఫ్రిజ్ నిండా. 650 మిల్లీల బాటిల్ ఈ ఉక్కలో ఒక్కడు తాగితే సగానికొచ్చేసరికి మిగతా సగం వేడెక్కిపోద్ది, చిన్నది 330 ఎందుకు పెట్టరో. నేను ఆర్కే బీచ్‌లో తాగనివ్వమనట్లేదు, అది వద్దే వద్దు, ఇప్పటికే యారాడ బీచ్‌లో ఇసకలో చెప్పుల్లేకుండా నడవలేం, గాజు పెంకులు. కారు డోరు చాటున నించుని గబగబా తాగి సీసా రాయికేసి కొట్టే బ్యాచ్ ఉన్నంతకాలం ఎవరూ పర్మిషనివ్వరు, ఇవ్వకూడదు కూడా. లైసెన్సున్నోళ్ళే వెలుతురున్న చోట, ఇంటిల్లిపాదీ కూర్చునేలా, టిన్నులు మాత్రమే, చేపల వేపుడుతో ఒక షెడ్డు పెడితే ఏం పోయింది అని అడుగుతున్నా.

అన్నట్టు బావ వచ్చేటప్పుడు లారూ టిన్నులు కొన్నాడు, కస్టమ్స్ వాళ్ళు మనిషికి మొత్తం మందు రెండు లీటర్ల దాకానే వదుల్తారు, అంటే ఆరు టిన్నులు. ఇంట్లో ఏసీ వేసుకుని మిక్చర్‌తో తాగి "ఇది ఆ బీరు కాదురా, డూప్లికేట్" అన్నాడు. అదే బీరు. అక్కడ చెమట ఉంది, ఇక్కడ లేదు, అంతే. మీరు మోసుకురాకండి.

ప్రశ్న అడిగినాయనకి పనికొచ్చేవి కొన్ని. వియత్నాంలో తాగితే అద్దె స్కూటర్ ముట్టుకోవద్దు, 2020 జనవరి నించి డ్రైవరు ఒంట్లో ఆల్కహాల్ సున్నా ఉండాలి, ఒక్క గ్లాసన్నా ఫైనే, టాక్సీ చవక. డా నాంగ్ వెళ్తే లారూ, హ్యూ వెళ్తే హుడా అడగండి. బాలిలో బింతాంగ్ ఎక్కడైనా దొరుకుద్ది. థాయ్‌లాండ్‌లో నేను వెళ్ళినప్పుడు మధ్యాహ్నం 2 నించి 5 దాకా షాపుల్లో అమ్మేవాళ్ళు కాదు, భోజనానికి ముందే కొనుక్కునేవాళ్ళం. మంచినీళ్ళ బాటిల్ పక్కన పెట్టుకోండి, ఎండలో బీరు దాహం తీర్చినట్టే ఉంటాది కానీ ఒంట్లో నీళ్ళు బయటికి పంపేస్తాది. శ్రీలంక అయితే లయన్ లాగర్ అని పూర్తిగా చెప్పండి, ఉత్తి లయన్ అంటే ఒక్కోసారి స్టౌట్ అనే నల్లటి చిక్కటి బీరు తెచ్చిస్తారు, అది 8.8 శాతం, మా బావకి నచ్చుద్దేమో. ఇంకోటి, అక్కడ ప్రతి పౌర్ణమికీ పోయా అని మద్యం అమ్మకాలు బంద్, టికెట్ బుక్ చేసేముందు క్యాలెండర్ చూసుకోండి. మా ఆఫీసులో ఒకాయన సరిగ్గా పౌర్ణమి రోజే కొలంబోలో దిగాడు, హనీమూన్ ఫొటోలన్నిట్లో కొబ్బరిబొండాం పట్టుకుని ఉంటాడు, వాళ్ళ అత్తగారు మాత్రం అల్లుడు ఎంత బుద్ధిమంతుడో అని ఇప్పటికీ అందరికీ ఆ ఫొటోలే చూపిస్తారు.